ఇంజన్ మారితే చెయ్యి ఎందుకు తడబడుతుంది: లోకో క్యాబ్ అమరిక వెనక లెక్క

క్లుప్తంగా: లోకో క్యాబ్‌లో ఏ పిడి ఎక్కడుందన్న దాన్ని బట్టి బ్రేక్ పడే క్షణం ముందుకో వెనక్కో జరుగుతుంది. గుంతకల్లు డివిజన్‌లో ఇప్పుడు పాత నాచ్‌ల (మెట్టుమెట్టుగా శక్తి పెంచే) ఇంజన్లు, కొత్త కంప్యూటర్ ఇంజన్లు, డీజిళ్లు, వందే భారత్ అన్నీ ఒకే పట్టాల మీద తిరుగుతున్నాయి. ఒక్కోదాని డెస్క్ ఒక్కో తీరు. ఏ డెస్క్ దానికది పనికొచ్చేదే. ఒకదాని అలవాటు ఇంకోదాని మీదికి పాకినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఇప్పుడు రైళ్లు ఢీకొనకుండా కాసే కవచ్ వ్యవస్థ తెర కూడా ఆ డెస్క్ మీద చోటు అడుగుతోంది.

ఒకే పట్టాలు, రకరకాల క్యాబులు

గుంతకల్లు చుట్టూ పట్టాలన్నిటిదీ ఒకే వెడల్పు, పైతీగలో కరెంటూ ఒకటే 25 కిలోవోల్టులు. ఇంజన్ల దగ్గరికొచ్చేసరికి ఆ ఏకత ఉండదు. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రానికి బొగ్గు రేకులు (గూడ్సు బండ్లు), తాడిపత్రి, ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల నుంచి సిమెంటు రేకులు నడుస్తుంటాయి. వాటి ముందు ఈరోజు 5,000 హార్స్‌పవర్ డబ్ల్యూఏజీ-7 ఉంటే రేపు 6,120 హార్స్‌పవర్ డబ్ల్యూఏజీ-9 ఉండొచ్చు. రన్నింగ్ సిబ్బంది నోట ఇవి వ్యాగ్-7, వ్యాగ్-9. ఎక్స్‌ప్రెస్‌ల ముందు వ్యాప్-7లు. గుత్తి షెడ్డు పేరు చెబితే ఇప్పటికీ డీజిళ్లే గుర్తొస్తాయి. 2023 సెప్టెంబరు 24న మొదలైన కాచిగూడ-యశ్వంత్‌పూర్ వందే భారత్ కర్నూలు, అనంతపురం, ధర్మవరం మీదుగా పోతోంది.

బయటివాళ్లకు ఇవన్నీ 'రైలింజన్లే'. లోపల కూర్చున్నవాళ్లకు మాత్రం స్కూటర్ దిగి కారెక్కినంత తేడా. స్కూటరా కారా అన్నది మనిషికి కూర్చోగానే తెలుస్తుంది. రెండు లోకోల డెస్క్‌లు పైకి దగ్గర దగ్గరగా కనిపిస్తాయి, లోపల పనిచేసే తీరే వేరు. ప్రమాదకరమైన పోలిక అదే.

పిడిని అక్కడ పెట్టింది ఎవరు?

మద్రాసు నుంచి వచ్చిన లైను, బొంబాయి నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. నందలూరులో పెద్ద షెడ్డు నడిచిన ఆవిరి ఇంజన్ల రోజుల్లో క్యాబ్ అంటే బాయిలర్ వెనక తట్టే. ఆవిరిని వదిలే రెగ్యులేటర్ ఎక్కడుండాలి, నీటిమట్టం చూపే గాజుగొట్టం ఎక్కడుండాలి అన్నవి బాయిలర్ ఆకారాన్ని బట్టే తేలిపోయేవి. మనిషి వాటి చుట్టూ వంగి, నిలబడి, పక్క కిటికీలోంచి తల బయటపెట్టి బండి నడిపేవాడు.

డీజిళ్లు వచ్చాక కూర్చునే పని మొదలైంది. 1962 నుంచి వచ్చిన, అమెరికా కంపెనీ ఆల్కో రకం డీజిళ్లలో కంట్రోల్ స్టాండు నిలువుగా, బీరువాలాగా డ్రైవరు పక్కన ఉంటుంది. కారణం తేలికే. బ్రేక్ వాల్వు కింద నిజంగానే గాలి పైపులుంటాయి. ఆ పైపులు వచ్చేచోటే పిడి ఉంటుంది. ఎనిమిది నాచ్‌ల థ్రాటిల్ ఒకచోట, దిశ మార్చే పిడి ఇంకోచోట, బ్రేకులు వాటి కింద. బండి ముందుకు చూస్తూ నడపాలంటే ఒంటిని పక్కకు తిప్పి, ఒక చెయ్యి అటు చాచి కూర్చోవాలి. ఎనిమిది గంటల డ్యూటీ తర్వాత నడుము ఒక పక్కే లాగుతుందనే ఫిర్యాదుకు మూలం ఆ భంగిమే.

మూడు ఫేజుల ఎలక్ట్రిక్ ఇంజన్లతో ఈ కట్టు తెగింది. 1990ల నడుమ ఏబీబీ సాంకేతికతతో వచ్చిన వ్యాగ్-9, వ్యాప్-5, ఆ తర్వాతి వ్యాప్-7లలో థ్రాటిల్ వెనక పెద్ద యంత్రం ఏదీ లేదు. పిడి కంప్యూటర్‌కు ఒక సంకేతం పంపుతుంది, మిగతాది అది చూసుకుంటుంది. అంటే పిడిని మనిషి చేతికి ఎక్కడ బాగుంటే అక్కడ పెట్టొచ్చు. ఎక్కడైనా పెట్టగలిగే వీలు రావడంతో ఎవరికి నచ్చినట్టు వాళ్లు పెట్టారు కూడా.

చేతికందే దూరం, చూపుకందే దూరం

డెస్క్ గీసేవాళ్లు ముందు మనిషిని మూడు వలయాలుగా చూస్తారు. మోచెయ్యి కదలకుండా ముంజేతితో అందే వలయం మొదటిది. థ్రాటిల్, రైలు బ్రేక్, ఇంజన్ బ్రేక్, హారన్, అప్రమత్తత బటన్ అందులోనే ఉండాలి. వీపు సీటుకు ఆనించే ఉంచి చెయ్యి చాస్తే అందేది రెండో వలయం. హెడ్‌లైటు, వైపరు, ఫ్లాషర్ లైటు, పైతీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ మీటల చోటు అది. లేచి వెళ్లి చూసుకునేవి మూడోది. బ్రేకర్ ప్యానెళ్లు, ఐసొలేషన్ కాక్‌లు అక్కడ ఉన్నా ఫర్వాలేదు. డ్రైవర్ క్యాబుల అమరికకు అంతర్జాతీయ రైల్వేల సంఘం యూఐసీ వారి 651వ నియమపత్రం ఆధారంగా ఉంది. మనదగ్గర ఈ నమూనాలు చూసేది లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ.

వలయాలు గీయడం తేలిక. ఎవరి చెయ్యి, ఎవరి ఎత్తు అన్నదే కష్టం. అయిదడుగుల అసిస్టెంట్ లోకో పైలట్‌కూ ఆరడుగుల లోకో పైలట్‌కూ ఒకే సీటు. పొట్టివాళ్లు సీటు పైకి లేపుకుంటే కళ్లు అద్దానికి సరైన ఎత్తులో వస్తాయి, కాళ్లు మాత్రం పెడల్‌కు అందక వేలాడతాయి. కిందికి దించుకుంటే పాదం నేలకానుతుంది, డెస్క్ అంచు పట్టాలను మింగేస్తుంది. అందుకే మంచి క్యాబ్‌లో సీటుతో పాటు పాదాల కింది పలక కూడా ఎత్తు మారాలి. మహిళా లోకో పైలట్లు పెరుగుతున్న ఈ రోజుల్లో ఒకే కొలతకు కుదించిన సీటు ఇక చెల్లదు.

ఇంకో నియమం ఉంది. చూడకుండా ముట్టుకుంటే ఏ పిడో తెలియాలి. రాత్రి సిగ్నల్ మీద చూపు నిలిపిన మనిషి బ్రేక్ కోసం కిందికి చూడకూడదు. అందుకే ఒకదానికి గుండ్రటి తల, ఇంకోదానికి బల్లపరుపు పిడి, అత్యవసర బటన్‌కు పుట్టగొడుగులాంటి ఎర్రటి తల. ఒకే వరసలో ఒకే రకం మీటలు పది పెట్టి కింద పేర్లు రాస్తే అది స్విచ్‌బోర్డు అవుతుంది, డెస్క్ అవదు. పాత ఎలక్ట్రిక్ ఇంజన్లలోని మీటల పెట్టెలు కొంత అలాంటివే.

32 నాచ్‌లు, ఒక లివరు

ఇక్కడే అసలు తేడా. వ్యాగ్-7లో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మోటర్లకు వెళ్లే వోల్టేజీని 32 మెట్లుగా పెంచుతారు. ఆ మెట్లు ఎక్కించే యంత్రాన్ని సిబ్బంది జీఆర్ అంటారు. లోకో పైలట్ చేతిలోని మాస్టర్ కంట్రోలర్‌కు సున్నా, మైనస్, ఎన్, ప్లస్ అనే స్థానాలుంటాయి. పిడిని ప్లస్ వైపు ఒకసారి నొక్కి వదిలితే ఒక నాచ్ ఎక్కుతుంది, పిడి ఎన్ దగ్గరికి తిరిగొస్తుంది. మైనస్ నొక్కితే ఒకటి దిగుతుంది. సున్నాకు తెస్తే జీఆర్ తనంతట తాను అన్ని మెట్లూ దిగిపోతుంది. ఏ నాచ్‌లో ఉన్నారో పిడిని చూస్తే తెలియదు, నాచ్ సూచిక చూడాలి. మోటరు ఎంత కరెంటు లాగుతోందో అమ్మీటరు చూడాలి. తొందరపడి నాచ్‌లు ఎక్కిస్తే కరెంటు పరిమితి దాటి రక్షణ రిలే పడుతుంది, డీజే ట్రిప్పవుతుంది.

ఈ డీజేకూ పెళ్లి ఊరేగింపు డీజేకూ సంబంధం లేదు. ఇది ఇంజన్‌కు వచ్చే హైవోల్టేజీ కరెంటును కలిపే, తెంపే ప్రధాన బ్రేకర్. ఫ్రెంచి మాట కుదించిన పేరు. మన తొలి 25 కిలోవోల్టుల ఇంజన్ల నమూనాలు యూరప్ నుంచి వచ్చాయి, పేర్లూ వాటి వెంటే వచ్చాయి. గుంతకల్లు లాబీలో, అంటే సిబ్బంది డ్యూటీ ఎక్కేచోట, 'డీజే క్లోజ్ అవడం లేదు' అనే మనిషి తెలియకుండానే ఫ్రెంచి మాట్లాడుతున్నాడు.

వ్యాగ్-9లో మెట్లు లేవు. లివరు ఎంత జరిపితే అంత లాగుడు, ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. సున్నా నుంచి ఒక వైపు లాగుడు, రెండో వైపు రీజెనరేటివ్ బ్రేక్. ఆ బ్రేక్‌లో మోటర్లు జనరేటర్లుగా మారి కరెంటును తిరిగి తీగలోకి పంపుతాయి. ఒకే పిడి బండిని లాగుతుంది, ఆపుతుంది కూడా. ఇది కాక వేగాన్ని ఒకచోట నిలిపే బటన్ ఉంది. థ్రాటిల్ కదిపినా, బ్రేక్ వేసినా అది రద్దవుతుంది.

నెలంతా వ్యాగ్-9 మీద చేసిన చెయ్యి వ్యాగ్-7 మీదికొచ్చిందనుకుందాం. ముందు జాగ్రత్త సిగ్నల్ కనిపించింది, లాగుడు సగానికి తగ్గించాలి. చెయ్యి పిడిని కాస్త వెనక్కి లాగి వదిలేస్తుంది. వ్యాగ్-9లో అయితే లాగుడు నిజంగానే తగ్గేది. ఇక్కడ దిగింది ఒక్క నాచ్. అది 28లో ఉన్నది 27కు వచ్చింది. బండి అదే ఊపున పోతోంది. తప్పు తెలిసేది పిడి వల్ల కాదు, నాచ్ సూచికనో వేగాన్నో చూసినప్పుడే. తిరుగుముఖంలోనూ ఇదే కథ. వ్యాగ్-7 అలవాటుతో సున్నాకు గబుక్కున కొట్టిన చెయ్యి వ్యాగ్-9లో సున్నా గాడిని దాటి అవతలికి పోతే ఇంజన్ బ్రేక్ మొదలవుతుంది. వెనక 58 వ్యాగన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇంజన్ మీదికి వస్తాయి, వాటిని కలిపే కప్లర్లలో కుదుపు పుడుతుంది. ఇంజన్ చెడిపోలేదు, మనిషికి పని రాకపోవడమూ కాదు. పాత పాఠం కొత్త బల్ల మీద అప్పజెప్పడం, అంతే.

న్యూట్రల్ సెక్షన్ దగ్గర

పైతీగలో ఒక సబ్‌స్టేషన్ కరెంటు ఆగి ఇంకోదాని కరెంటు మొదలయ్యేచోట కొంతమేర కరెంటు లేని భాగం ఉంటుంది. దానికి 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల ముందు ఇంకో బోర్డు, ఆ తర్వాత డీజే తెరవమనే బోర్డు. వ్యాగ్-7లో ఈ దూరంలో లోకో పైలట్ చేసే పనులు వరసగా చూస్తే డెస్క్ అమరిక విలువ తెలుస్తుంది. బోర్డు కనబడగానే పిడి సున్నాకు, జీఆర్ దిగడం పూర్తయిందో లేదో సూచిక మీద కన్ను, డీజే మీట ఆఫ్, డీజే తెరుచుకుందని చెప్పే ఎర్ర దీపం వెలిగిందా అని చూపు. ఊపు మీద దాటడం. అవతలి బోర్డు రాగానే మీట ఆన్, రీసెట్ మీటను నొక్కి పట్టడం, దీపం ఆరిందని చూసుకోవడం, బ్లోయర్లు, కంప్రెసర్ మళ్లీ అందుకున్నాయని చెవితో వినడం, నాచ్‌లు ఒక్కొక్కటిగా ఎక్కించుకోవడం.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. 250 మీటర్లంటే 15 సెకన్లు. ఆ 15 సెకన్లలో కళ్లు అద్దం నుంచి డెస్క్‌కు, డెస్క్ నుంచి అద్దానికి నాలుగైదుసార్లు తిరుగుతాయి. నాచ్ సూచిక, డీజే దీపం, మీటల పెట్టె మూడూ ఒకే చూపు పట్టులో ఉంటే పని సాఫీ. ఒకటి మోకాలి దగ్గర, ఇంకోటి తల పైన ఉంటే ఆ చూపులన్నీ సిగ్నల్ నుంచి దొంగిలించినవే. డీజే తెరవకుండా లోపలికి పోతే పాంటోగ్రాఫ్ దగ్గర ఆర్క్ పుట్టి తీగ తెగే ప్రమాదం ఉంది. తీగ తెగితే ఆ సెక్షన్‌లో బండ్లన్నీ నిలిచిపోతాయి.

జీఆర్ మొండికేస్తే పని ఇంకా పెరుగుతుంది. అసిస్టెంట్ మెషిన్ రూమ్‌లోకి వెళ్లి చేతి పిడితో నాచ్‌లు తిప్పాలి, క్యాబ్‌లోంచి లోకో పైలట్ గంట కొట్టి ఎక్కించు, దించు అని చెప్పాలి. అంతసేపూ క్యాబ్‌లో రెండో జత కళ్లు ఉండవు.

బ్రేక్ పిడి, గాలి ఆలస్యం

రైలు బ్రేక్‌ను సిబ్బంది ఎ-9 అంటారు, ఇంజన్ ఒక్కదాని బ్రేక్ ఎస్ఏ-9. రైలు పొడవునా పోయే బ్రేక్ పైపులో గాలి చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడిలో ఉంటే బ్రేకులు వదిలినట్టు. ఒత్తిడి తగ్గిస్తే బ్రేకులు పడతాయి. మొదటి మెట్టు దగ్గర అది 4.5 చిల్లరకు, పూర్తి సర్వీసు బ్రేక్‌కు దాదాపు 3.5కు దిగుతుంది. అత్యవసరంలో సున్నా. తగ్గిస్తే పడడం అన్న ఈ తలకిందుల లెక్కకు మంచి కారణముంది. పైపు తెగినా, బండి రెండు ముక్కలైనా గాలి తనంతట పోయి బ్రేకులు పడతాయి.

డెస్క్ గీసేవాళ్లను ఇబ్బంది పెట్టేది ఆలస్యం. 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల బొగ్గు రేకు 600 మీటర్లకు పైనే ఉంటుంది, బరువు దాదాపు 5,000 టన్నులు. పిడి కదిపినప్పటి నుంచి చివరి వ్యాగన్ బ్రేక్ పట్టు పూర్తిగా బిగిసే వరకు కొన్ని సెకన్లు పడుతుంది. చెయ్యి చేసిన పని ఫలితం వెంటనే కనిపించకపోతే మనిషి ఇంకాస్త లాగుతాడు, అది సహజం. అందుకే ఎ-9కి గాళ్లు, అంటే క్లిక్‌మని ఆగే చోట్లు పెట్టారు. ముల్లు ఇంకా కదులుతున్నా తాను ఏ మెట్టులో పెట్టాడో చేతికి తెలుస్తుంది. గాళ్లు అరిగిపోయిన వాల్వు చూడ్డానికి బాగానే పనిచేస్తుంది, కానీ ఆ ఊతం పోయినట్టే. నిర్వహణలో చిన్నదిగా కనిపించే ఈ లోపాన్ని లోకో పైలట్లు రిజిస్టరులో రాసేది అందుకే.

వదలడం కూడా అంతే నెమ్మది. బ్రేక్ వదిలి, పైపు నిండకముందే మళ్లీ బ్రేక్ కావాలంటే చేతిలో మిగిలిన బలం తక్కువ. నంద్యాల దాటి నల్లమల ఘాట్‌లో దిగే బండికి ఇది పుస్తకం లెక్క కాదు. వాలులో వేగాన్ని రీజెనరేటివ్ బ్రేక్‌తో పట్టి, గాలి బ్రేక్‌ను దాచుకోవడం అందుకే మంచి పద్ధతి. ఈ విషయంలో ఒకే లివరులో లాగుడు, బ్రేక్ ఉన్న వ్యాగ్-9 డెస్క్ నిస్సందేహంగా మేలు.

గేజుల్లో అందరి కన్నూ బ్రేక్ పైపు ముల్లు మీదే ఉంటుంది కానీ, కష్టకాలంలో ముందు మాట్లాడేది ఎయిర్ ఫ్లో గేజు. పైపులోకి ఇంజన్ ఎంత గాలి పంపాల్సివస్తోందో అది చూపుతుంది. పిడి కదపకుండానే ఆ ముల్లు పైకి లేచిందంటే వెనక ఎక్కడో గాలి పోతోంది. చెయిన్ లాగారో, హోస్ పగిలిందో, బండి విడిపోయిందో. దాన్ని మూలకు నెట్టి, తక్కువ అవసరమున్న గేజును నడుమ పెట్టిన ప్యానెల్ చదవడానికి బాగున్నా వాడకానికి చెడ్డది.

చూపుకు అడ్డం

మనదగ్గర సిగ్నళ్లు సాధారణంగా ఎడమ పక్కన ఉంటాయి, లోకో పైలట్ సీటూ ఎడమనే. రెండు చివరలా క్యాబున్న ఎలక్ట్రిక్ ఇంజన్‌లో ఇది హాయి. ఒకవైపే క్యాబున్న డీజిల్ పొడుగాటి బానెట్ ముందుకు పెట్టుకుని నడిస్తే లెక్క మారుతుంది. ఎడమ పక్క బయటి అంచు వెంట కనిపించేదే చూపు. కుడికి తిరిగే మలుపులో పట్టాలు బానెట్ వెనక దాక్కుంటాయి. అప్పుడు అసిస్టెంట్ కుడి కిటికీ నుంచి చూసి పైకి చెప్పాలి. అమెరికా నమూనాలో 1999 నుంచి వచ్చిన 4,000 హార్స్‌పవర్ డబ్ల్యూడీజీ-4లలో కూడా ఈ బాధ ఉండడంతోనే తర్వాత రెండు క్యాబుల రకాలు తయారయ్యాయి.

సిగ్నల్ రంగును ఇద్దరూ పైకి పలికి, చెయ్యి ఎత్తి చూపే పద్ధతి వెనక కూడా ఎర్గానమిక్సే, అంటే పనిని మనిషి ఒంటికి తగ్గట్టు మలిచే లెక్కే ఉంది. కన్ను చూసింది నోరు పలికితే, చెవి విని, చెయ్యి కదిలితే తప్పు జారిపోయే చోట్లు తగ్గుతాయి. 'డబుల్ ఎల్లో' అని ఒకరన్నాక రెండోవాళ్లు తమ కళ్లతో చూసి అనాలి. విన్నదాన్నే తిరిగి అంటే అది ప్రతిధ్వని.

వెలుగు సంగతి చాలామంది మరిచిపోతారు. గుంతకల్లు నుంచి కడప మీదుగా రేణిగుంట పోయే లైను మొత్తమ్మీద ఆగ్నేయానికి పోతుంది. పొద్దున బండికి సూర్యుడు ముఖాన్నే. సన్ వైజర్ దించితే ఎత్తయిన సిగ్నల్ తల దాని వెనక్కి పోతుంది. దించకపోతే పసుపు, ఆకుపచ్చ వెలిసిపోయి కనిపిస్తాయి. రాత్రి ఇంకో బాధ. డెస్క్ మీది దీపాల వెలుగు ముందద్దంలో పడి, పట్టాల మీద లేని దీపాలను చూపిస్తుంది. గేజు వెలుగును తగ్గించుకునే మీట లేని క్యాబ్‌లో కొందరు దీపాల మీద కాగితం అంటిస్తారు. అది నిర్లక్ష్యం కాదు, డెస్క్ గీసినవాళ్లు మరిచిన పని.

ఓబులవారిపల్లె-కృష్ణపట్నం లైన్లో 6.6 కిలోమీటర్ల సొరంగం ఉంది. 60 కిలోమీటర్ల వేగంతో పోతే ఆరున్నర నిమిషాలు చీకటి. ఆపాటికి కన్ను చీకటికి చాలావరకు సర్దుకుంటుంది. బయటికి రాగానే రాయలసీమ మిట్టమధ్యాహ్నం ముఖం మీద పడుతుంది. ఆ మొదటి క్షణాల్లో మసకగా ఉన్న తెర అసలు చదవరాదు. తెర వెలుగు తనంతట తాను సర్దుకోవాలనేది ఇలాంటి చోట్ల కోసమే.

ఎనిమిది సెకన్ల హెచ్చరిక

అప్రమత్తత పరికరాన్ని సిబ్బంది వీసీడీ అంటారు. లోకో పైలట్ దాదాపు 60 సెకన్లలోపు నాచ్ మార్చడమో, పట్టాల మీద ఇసుక చల్లే పెడల్ తొక్కడమో, అప్రమత్తత బటన్ నొక్కడమో చేయాలి. ఏవి లెక్కకొస్తాయన్నది ఇంజన్ రకాన్ని బట్టి ఉంటుంది. ఏదీ జరగకపోతే దాదాపు 8 సెకన్లు దీపం మినుకుతుంది, ఇంకో 8 సెకన్లు బజరు మోగుతుంది, అప్పటికీ కదలిక లేకపోతే బ్రేకులు పడతాయి. వ్యాగ్-9లో దీనికి కాలి పెడల్ కూడా ఉంది. పెడల్‌ను ఎప్పుడూ తొక్కిపట్టి ఉంచితే చెల్లదు, వదిలి తొక్కాలి. అందుకే దాని మీద ఇటుక పెట్టే చిట్కా ఈ ఇంజన్లలో పనిచేయదు.

2012 మే 22 తెల్లవారుజామున పెనుకొండ దగ్గర హంపి ఎక్స్‌ప్రెస్ ఆగివున్న గూడ్సు బండిని ఢీకొంది, పాతిక మంది దాకా చనిపోయారు. ఎర్ర సిగ్నల్ దాటిపోయిన ప్రమాదం అది. మూడు నుంచి అయిదు మధ్య ఒంటి మెలకువ అట్టడుగున ఉంటుంది. ఆ వేళ వీసీడీ ఏపాటి కాపలా కాస్తుందన్నది అందరూ అడగాల్సిన ప్రశ్న.

పరికరం బలహీనత దాని లయలోనే ఉంది. నిమిషానికొకసారి, రాత్రంతా, ఒకే కదలిక. నెల తిరిగేసరికి అది పాదం పని అయిపోతుంది, తలకు సంబంధం ఉండదు. కునుకులోనూ పాదం కదలగలదు. వీసీడీ మనిషి బతికున్నాడని చెబుతుంది, సిగ్నల్ చూశాడని చెప్పదు. ఈ ఖాళీని పూడ్చడానికే కవచ్.

కవచ్ తెర ఎక్కడ పెట్టాలి

దక్షిణ మధ్య రైల్వేలో మొదట కవచ్ వేసిన 1,465 కిలోమీటర్లలో మన్మాడ్ నుంచి సికింద్రాబాద్, డోన్ మీదుగా గుంతకల్లు దాకా పోయే లైను ఉంది. అంటే కర్నూలు మీదుగా పోయే కొన్ని ఇంజన్ల డెస్క్ మీద దాని తెర ఇప్పటికే ఉంది. పట్టాల మధ్య ఉన్న ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు బండి ఎక్కడుందో చెబుతాయి, రేడియో టవర్లు ముందున్న సిగ్నల్ సంగతి చెబుతాయి. ఎంత దూరం పోవచ్చు, ఎంత వేగంలో పోవచ్చు అన్నది తెర చూపుతుంది. వేగం మీరితే మొదట మోగుతుంది, తర్వాత తనే బ్రేక్ వేస్తుంది. లెవెల్ క్రాసింగ్ దగ్గర హారన్ కూడా అదే మోగించగలదు. గొర్రెల మందలు పట్టాలు దాటే ఈ నేల మీద ఆ ఒక్క పని తగ్గినా ఒక చెయ్యి ఖాళీ అవుతుంది.

చిక్కు వేరే ఉంది. కొత్త ఇంజన్లలో తెరకు మొదటి నుంచే చోటు ఉంచొచ్చు. ఇదివరకే ఉన్న ఇంజన్లలో డెస్క్ నిండిపోయింది, తెరను మిగిలినచోట బిగించాలి. అది ముందద్దం అంచుకు మరీ దగ్గరైతే సిగ్నల్ చూపుకు అడ్డం, కిందికి మరీ దిగితే చూసేందుకు తల వంచాలి. 110 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు తల వంచితే బండి 61 మీటర్లు పోతుంది. ఇంకా లోతైన ప్రశ్న ఏమిటంటే, తెర ముందే అన్నీ చెబుతుంటే కన్ను బయటికి చూడ్డం మానేస్తుందా? విమానాల్లో ఈ చర్చ పాతదే. కవచ్ ఉన్న సెక్షన్ నుంచి లేని సెక్షన్‌లోకి బండి ప్రవేశించే చోట ఇది మరీ ముఖ్యం. అదుపు పూర్తిగా మనిషి చేతికి తిరిగొచ్చిందన్న కబురు చిన్న దీపంతో సరిపోదు. అది శబ్దంగా రావాలి, లోకో పైలట్ ఒప్పుకుని బటన్ నొక్కాలి.

బజర్ల సంఖ్య కూడా లెక్కించాలి. వీసీడీది ఒకటి, కవచ్‌ది ఒకటి, ఇంజన్ లోపానిది ఒకటి, చేతిలో వాకీటాకీ. అన్నీ ఒకే స్వరంలో పాడితే చెవి ఏదీ వినదు.

ఎండ, చప్పుడు, కిటికీ

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. పాత ఎలక్ట్రిక్ ఇంజన్‌లో క్యాబ్ గోడకు వెనకే మెషిన్ రూమ్, అందులో ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, బ్లోయర్లు. ముందు నుంచి ఎండ, వెనక నుంచి యంత్రాల వేడి. కిటికీ తీస్తే గాలి వస్తుంది, దాంతోపాటు దుమ్ము, చప్పుడు. ఆ చప్పుడులో అసిస్టెంట్ చెప్పిన సిగ్నల్ రంగు వినబడక ఇంకోసారి అరవాలి. కిటికీ మూస్తే మాట వినబడుతుంది, చెమట కళ్లల్లోకి కారుతుంది. ఏసీని సుఖంగా చూసేవాళ్లు ఈ లెక్క వేయరు. ఏసీ క్యాబ్‌లో మూసిన కిటికీ వల్ల వచ్చే అసలు లాభం మాట స్పష్టంగా వినబడడమే. 2020లో సేవలోకొచ్చిన 12,000 హార్స్‌పవర్ వ్యాగ్-12బీలో ఏసీ క్యాబుతో పాటు టాయిలెట్ కూడా ఉంది. పాత ఇంజన్లలో టాయిలెట్ లేకపోవడం వల్ల డ్యూటీకి ముందు నీళ్లు తాగడం తగ్గించుకునే అలవాటు పుడుతుంది. మే నెలలో నీళ్లు తగ్గితే ముందు మందగించేది ధ్యాస.

రేపటి డెస్క్

విద్యుదీకరణతో డీజిల్ లోకో పైలట్లు వందల సంఖ్యలో ఎలక్ట్రిక్‌కు మారారు. వాళ్లకు కన్వర్షన్ శిక్షణ, సిమ్యులేటర్, తర్వాత లైను మీద ఇన్‌స్పెక్టర్ పక్కన ప్రయాణం ఉంటాయి. శిక్షణ ఎక్కువగా కొత్త ఇంజన్ ఎలా పనిచేస్తుందో నేర్పుతుంది. పాత ఇంజన్ అలవాటును ఎక్కడ ఆపాలో నేర్పడానికి వేరే పాఠం కావాలి. ఫలానా మలుపు దగ్గర, ఫలానా సిగ్నల్ కింద, ఒక ఇంజన్ నుంచి ఇంకో ఇంజన్‌కు మారిన రోజున ఏ చెయ్యి తప్పు చేస్తుందో సిమ్యులేటర్‌లో చూపించవచ్చు.

డెస్క్‌లన్నిటినీ ఒకే అమరికకు తేవడం దీర్ఘకాలపు పని. వ్యాగ్-7లు ఇంకా ఏళ్లు నడుస్తాయి. వాటిలో 32 నాచ్‌ల జీఆర్ ఉన్నంతకాలం పిడి స్వభావం మారదు, ఎంత కొత్త సీటు వేసినా సరే. అందాకా ఉన్నంతలో చేయగలిగింది లోకోను అప్పగించుకునే ఆ కాసేపట్లోనే. గుంతకల్లులో సిబ్బంది మారినప్పుడు ప్లాట్‌ఫారం మీద బండి ఆగివుండగానే ఎ-9 ఒక మెట్టు లాగి ముల్లు చూడడం, ఎస్ఏ-9 వేసి వదలడం, హారన్, వైపరు, ఇసుక, వీసీడీ ఒక్కొక్కటి ముట్టుకుని పరీక్షించడం ఎలాగూ ఉన్నదే. ఈ పరీక్షకు యంత్రం సంగతి ఎంత ముఖ్యమో చేతి సంగతీ అంతే. నిన్నటి ఇంజన్ పిడి ఎక్కడుందో మరిచి, ఈరోజు పిడి ఎక్కడుందో వేళ్లకు తెలిసేది అప్పుడే. బండి ఆలస్యంగా నడుస్తోందని కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిన రోజున ముందుగా కోత పడేది కూడా ఆ రెండు నిమిషాలకే.